పగడాల తొట్టి: నీళ్లూ, ఇసుకా
(పాఠశాల విజ్ఞాన సంఘంలో చేసిన ప్రసంగం)



ఈ వారం నుంచి మన ప్రయోగశాలలోని పగడాల తొట్టి బాధ్యత మీ చేతికి వస్తున్నది. అందులో 800 లీటర్ల ఉప్పునీరు ఉన్నది. అడుగున 10 సెంటీమీటర్ల మందాన ఇసుక ఉన్నది. పగడాలున్నవి, చేపలున్నవి, ఇసుకలో కంటికి కనిపించని జీవులు కోట్లకొద్దీ ఉన్నవి. ఊపిరాడటం లేదని వీటిలో ఏదీ మీకు నోరు తెరచి చెప్పలేదు. అందుచేత ఈనాడు నీళ్ల సంగతి, ఇసుక సంగతి మాట్లాడుకుందాం. ఇంట్లో క్రియోల్‌లో దిలో, దిసాబ్ అంటామే, అవే.

మన మారిషస్ చుట్టూ ఉన్న పగడపు దిబ్బకు ఎవరూ నీళ్లు మార్చరు గదా, తొట్టికి ఎందుకు మార్చాలి? మంచి ప్రశ్నే. లగూన్‌లోకి ఆటుపోట్లు ప్రతిదినం కొత్త నీరు తెస్తాయి, పాత నీరు తీసుకుపోతాయి. తొట్టికి ఆ వసతి లేదు. తినగా మిగిలిన మేత, చేపల మలం అక్కడే కుళ్లి అమ్మోనియా పుడుతుంది. అది చేపలకు విషం. ఒక జాతి బాక్టీరియా దానిని నైట్రైట్‌గా మారుస్తుంది, మరొక జాతి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ అంత ప్రమాదకరం కాదు గాని, పేరుకుంటే నాచు బలిసి పగడాలను కప్పివేస్తుంది.

ఇప్పుడొక లెక్క చేయండి. లీటరుకు 40 మిల్లీగ్రాముల నైట్రేట్ ఉన్నదనుకోండి. పదోవంతు నీరు, అంటే 80 లీటర్లు తీసి, కొత్త నీరు పోస్తే ఎంత మిగులుతుంది? 36. అంతే! అలా పదిసార్లు చేసినా సుమారు 14 మిగులుతుంది. అదీ ఈలోగా కొత్తది పుట్టకుండా ఉంటేనే. కాబట్టి మేత తగ్గించకుండా నీళ్లు మార్చడం పడవకు చిల్లు పూడ్చకుండా నీళ్లు తోడడం వంటిది. పోనీ, ఒకేసారి సగం మారిస్తే? నైట్రేట్ 20కి దిగుతుంది, నిజమే. కాని ఉప్పు, వేడి, క్షారగుణం ఒక్కసారిగా మారితే పగడం తట్టుకోలేదు. కనుక రెండు వారాలకొకసారి పదోవంతు చాలు.

కొత్త నీరు ముందురోజే కలపాలి. కుళాయి నీరు పనికిరాదు. అందులో క్లోరిన్ ఉంటుంది, గొట్టాల నుంచి రాగి కూడా చేరవచ్చు. చేపలు ఓర్చుకున్నా రొయ్యలు, నత్తలు రాగికి చచ్చిపోతాయి. వడపోత యంత్రం నుంచి వచ్చిన నీరే వాడండి. లీటరుకు 35 గ్రాముల లెక్కన 80 లీటర్లకు 2 కిలోల 800 గ్రాముల ఉప్పు. పొట్లంలోని ఉప్పు చెమ్మ పట్టి ఉంటుంది గనుక కాస్త ఎక్కువే పడుతుంది. తూకాన్ని నమ్మి ఊరుకోక సాంద్రత కొలిచి చూడండి, 1.025 దగ్గర ఉండాలి. రాత్రంతా చిన్న పంపుతో తిప్పి, మర్నాడు తొట్టిలో ఎంత వేడి ఉన్నదో అంత వేడికి తెచ్చి పోయండి.

వంట ఉప్పు వేస్తే ఏమని కిందటి సంవత్సరం ఒక అబ్బాయి అడిగాడు. తామరిన్ ఉప్పుమళ్ల సంగతి పెద్దలు చెప్పగా మీరు వినే ఉంటారు. సముద్రపు నీరు ఎండేటప్పుడు సున్నపు పదార్థాలు ముందుగా అడుగున పడిపోతాయి, తరువాత ఉప్పు పేరుకుంటుంది, మెగ్నీషియంలో చాలా భాగం చివరి చేదునీటిలో ఉండిపోతుంది. ఆ ఉప్పును తిరిగి నీటిలో కలిపినా సముద్రం కాదు. పగడం తన గూడు కట్టుకునేది కాల్షియంతో. అది లీటరుకు 400 మిల్లీగ్రాములకు పైన ఉండాలి.

మరొకటి. ఎండకు తొట్టిలో నీరు తగ్గితే ఉప్పునీరు పోయకండి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు అక్కడే ఉంటుంది. మంచినీరు పోసి గీత వరకు నింపండి, అది కూడా ప్రతిరోజూ.

నీళ్లు తీసే రోజున ముందుగా హీటరు ఆపండి. నీటిపైకి తేలి వేడిగా ఉంటే దాని గాజు పగులుతుంది. గొట్టాన్ని నోటితో పీల్చవద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను. బొత్తాముల్లా గుంపుగా పెరిగే ఆ పగడపు పువ్వులలో కొన్నింటికి ప్రాణం తీసేంత విషం ఉంటుంది. గొట్టాన్ని నీటిలో ముంచి నింపి, కొసను వేలితో మూసి బయటకు తెచ్చి వదలండి. చేతులకు తొడుగులు తప్పవు.

ఇక ఇసుక. శుభ్రం చేయమంటే బియ్యం కడిగినట్లు కడగాలని అనుకుంటారు. మన తొట్టిలో అలా చేస్తే తొట్టి మొత్తం చావవచ్చు. పైపొరలో ప్రాణవాయువు ఉంటుంది, అక్కడి బాక్టీరియా అమ్మోనియాను మారుస్తాయి. కింది పొరలలో ప్రాణవాయువు ఉండదు. అక్కడి బాక్టీరియా నైట్రేట్‌నే విడగొట్టి నత్రజనిగా గాలిలోకి పంపుతాయి. 1980ల చివర మొనాకోలో జోబేర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మందపాటి ఇసుక పరుపుతోనే పగడాల తొట్టిని నడిపి చూపించాడు. అయితే ఆ లోపలి పొరలలోనే కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా తయారవుతుంది. దాన్ని కెలికితే ఆ విషం నీటిలో కలుస్తుంది. కనుక మీరు తీయవలసింది పైన ఒక సెంటీమీటరు లోపలి మురికి మాత్రమే. అది కూడా ఒకసారికి నాలుగోవంతు నేల. నాలుగుసార్లకు చుట్టు పూర్తవుతుంది. లోపలి పని నత్తలూ, సముద్రపు దోసకాయా చేసుకుంటాయి. గాజు వెంబడి నల్లని చారలు కనిపిస్తే భయపడి పుల్లతో పొడవకండి. నాకు చెప్పండి.

మందపు ఇసుక ఉంటే నీళ్లు మార్చనక్కరలేదని వాదించేవారున్నారు. నాకది నచ్చదు. ఇసుక నైట్రేట్‌ను తీసివేయగలదు గాని, పగడాలు వాడుకున్న ఖనిజాలన్నింటినీ తిరిగి ఇవ్వలేదు.

ఇసుక అరిగిపోయిందని లగూన్ నుంచి తేవాలని చూడవద్దు. అక్కడ ఇసుక తవ్వకాన్ని మన ప్రభుత్వం 2001లో నిలిపివేసింది. ఆ తెల్లని ఇసుకలో కొంత భాగం రామచిలుక చేపలు పగడపు రాతిని కొరికి, అరగదీసి విసర్జించినదే. దిబ్బ దానిని మనకోసం తయారు చేయలేదు.

తుఫాను రోజులలో కరెంటు పోతుంది. అప్పుడు పంపులు ఆగి, ఇసుకలోని బాక్టీరియా, చేపలు, పగడాలు అన్నీ అదే ప్రాణవాయువును పీల్చుకుంటాయి. తొట్టి ఎంత నిండుగా ఉంటే అంత త్వరగా తరిగిపోతుంది. హెచ్చరిక వినగానే బ్యాటరీ గాలిపంపు తగిలించండి, మేత మానివేయండి. నీళ్ల మార్పు ఆ రోజున పెట్టుకోకండి.

తీసిన నీటిని పూలమొక్కలకు పోయవద్దు, ఉప్పుకు వేళ్లు మాడతాయి. సముద్రంలోనూ పారబోయవద్దు, తొట్టిలోని రోగాలు, పరాయి జీవులు లగూన్‌లోకి చేరవచ్చు. బడి వెనుక మురుగు కాలువలో పోసి, బకెట్లు మంచినీటితో కడిగి బోర్లించండి. సబ్బు తగలనివ్వకండి. మొదటి మార్పు శుక్రవారం. ఉప్పు గురువారం మధ్యాహ్నం కలపాలి.