వరద తీసిన వెనుక



నదీజలముచే పండు దేశమును నదీమాతృకమనియు, వర్షజలముచే పండు దేశమును దేవమాతృకమనియు అమరసింహుడు వ్యవహరించెను. మన గోదావరీ మండలము నదీమాతృకము. తల్లి యొకప్పుడు కోపించుటయు కలదు. 1986వ సంవత్సరము ఆగష్టులో ధవళేశ్వరము కడ ప్రవాహము 35 లక్షల క్యూసెక్కులకు చేరెను. ఏటిగట్లు తెగెను; లంకలు మునిగెను. 2022 జూలైలో మరల 25 లక్షలు దాటెను.

నీరు తీసిన పిమ్మట చేలన్నియు నొక్క తీరున నుండవు. గండి పడిన చోట ఇసుక మేట వేయును. దూరముగా నీరు నిలిచిన చోట ఒండ్రు దిగును. ఒండ్రు భాగ్యము, ఇసుక దౌర్భాగ్యము. పలుచని మేట లోతు దుక్కితో అడుగు మన్నున కలిసిపోవును. మోకాలిలోతు మేటను మాత్రము ఎత్తిపోయవలసినదే. అది యొక యేటి ఫలసాయమును మ్రింగును. నారుమళ్లు కుళ్లినచో స్వల్పకాలిక విత్తనముతో మరల నారు పోయవలయును, లేదా పొరుగూరి నారు తెచ్చుకొనవలయును. అదనుదాటినచో మినుములో పెసలో చల్లుకొనుటయే గతి. వీటన్నిటికంటె ముందు మురుగుకాలువల పూడిక తీయవలయును. ఇది యొక్కరి వలన కాదు. దిగువ చేని యొద్ద కాలువ పూడినచో ఎగువ చేను మునుగును. ఆ చేను ఏ కులమువానిదని నీరు విచారింపదు. కావున మన సంఘనిధి స్వకులస్థులకే వినియోగింపవలయునను ప్రతిపాదనమును నేనంగీకరింపజాలను.

ఇక ఈ పని యంతయు చేయువాడెవడు? మనలో పెక్కండ్రము భూములు కౌలున కిచ్చి పట్టణములు చేరితిమి. పెట్టుబడి కౌలుదారుది, నష్టమును వానిదే. దస్త్రమున పేరు మాత్రము మనది. అందుచే పరిహారము తఱచుగా మన ఖాతాలలోనే పడుచున్నది. కౌలుదారునకు 2011 నాటి చట్టము ఋణార్హత పత్రమును, 2019 నాటి చట్టము పదునొకండు నెలల సాగుదారు హక్కుపత్రమును ఏర్పఱచెను. ఈ రెండవదానికి భూస్వామి సమ్మతి వలసియుండెను. అది స్వామ్యమును ముట్టనిదైనను, చేవ్రాలు చేసినచో భూమి పోవునేమో యని మనవారు జంకిరి. పెండ్లి శుభలేఖపై పేరు తప్పుపడిన మండిపడు మనము ఈ కాగితమునకు వెనుదీయుట చిత్రము!

మునిగిన యేటి కౌలును మాఫీ చేయుదుమనియు, వచ్చిన పరిహారమును సాగుదారునకు అప్పగింతుమనియు ఒక పత్రము వ్రాయించి తెచ్చితిని. అందు మొదటి చేవ్రాలు నాది, నాకున్నది రెండెకరములే. భోజనములకు ముందు మంటపమున తూర్పు ద్వారము కడ కూర్చుందును. కలము నా యొద్దనే యుండును.