విప్‌లాష్ గాయానికి ఆధారసహిత చికిత్స

వెనుక నుంచి వాహనం ఢీకొన్నప్పుడు మొండెం ఒక్కసారిగా ముందుకు నెట్టబడి, తల క్షణకాలం వెనుకబడి, వెంటనే ముందుకు విసురుగా వంగడం వల్ల మెడ కండరాలకు, కీళ్లకు, ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్లకు కలిగే దెబ్బను విప్‌లాష్ గాయం అంటారు. 1995లో కెనడాలోని క్యూబెక్ నిపుణుల బృందం దీనిని 0 నుంచి 4 వరకు శ్రేణులుగా విభజించింది. వీటిలో శ్రేణి 3 నరాల లోపాన్ని, శ్రేణి 4 ఎముక విరగడాన్ని లేదా కీలు తొలగడాన్ని సూచిస్తాయి.

కాబట్టి వైద్యుడు మొదట ఈ రెండు స్థితులు లేవని నిర్ధారించాలి. ప్రమాద తీవ్రత, 65 ఏళ్లు లేదా అంతకు మించిన వయసు, చేతులలో గాని కాళ్లలో గాని తిమ్మిరి వంటి లక్షణాలను బట్టి ఎక్స్‌రే లేదా సీటీ స్కాన్ అవసరమా అన్నది నిర్ణయిస్తారు.

ఆ స్థితులు లేనివారికి మెడపట్టీ, దీర్ఘ విశ్రాంతి మేలు చేయవని, నొప్పిని పారాసిటమాల్ వంటి మందులతో అదుపులో ఉంచుతూ మెడను నెమ్మదిగా కదిలించడం, రోజువారీ పనులను కొనసాగించడం కోలుకోవడానికి తోడ్పడతాయని పరిశోధనలు సూచిస్తున్నాయి. దీర్ఘకాలిక నొప్పి గలవారిపై ఆస్ట్రేలియాలో జరిగి 2014లో వెలువడిన అధ్యయనంలో, 12 వారాలలో 20 సార్లు ఇచ్చిన వ్యాయామ శిక్షణ, ఒక్కసారి ఇచ్చిన సలహా కంటే ఎక్కువ ఫలితం చూపలేదు.

తొలి రోజులలోనే నొప్పి తీవ్రంగా ఉన్నవారు, ప్రమాద భయం వీడనివారు ఆలస్యంగా కోలుకునే అవకాశం ఉన్నందున, వారి మనోస్థితిని కూడా పట్టించుకోవడం చికిత్సలో విడదీయరాని భాగం.