ప్రొవాన్స్ ఎండలో రెండు నెలలు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఫ్రాన్సు అనగానే చలిదేశమనుకుని పెట్టె నిండా స్వెట్టర్లు సర్దుకుని వెళ్లాను. ఒక్కటీ బయటికి తీయలేదు. మా అమ్మాయి ఉండేది దక్షిణాన, మధ్యధరా సముద్రం ఒడ్డునున్న ప్రొవాన్స్ ప్రాంతంలో, ఎక్స్ పట్టణం దగ్గర. అక్కడికి చేరువలోని మార్సెయ్ రేవులో ఏడాదికి సుమారు 2,800 గంటలు ఎండ కాస్తుంది.

మనకు ఎండలు ముదిరాక వానలొస్తాయి. అక్కడ వేసవిలోనే వానలుండవు. శరదృతువులో కుంభవృష్టిగా కురుస్తాయి. పైగా రోన్ నది లోయ వెంట ఉత్తరం నుంచి మిస్ట్రాల్ అనే పొడిగాలి వీస్తుంది. ఒక్కోసారి గంటకు 100 కిలోమీటర్లు దాటుతుంది. అందుకే పాత పల్లె ఇళ్లకు ఉత్తరాన కిటికీలు దాదాపు ఉండవు. పొలాలకు సైప్రస్ చెట్లను దడిగా పెంచుతారు.

ఎక్స్ పక్కనే సెంత్-విక్తువార్ కొండ ఉంది. చిత్రకారుడు సెజాన్ పదేపదే గీసిన కొండ అది. 1989 ఆగస్టు 28న అక్కడ మంటలు లేచి, గాలి తోడై, సుమారు 5,000 హెక్టార్లు కాలిపోయాయి.

మా అమ్మాయి పక్కింటి పెద్దాయనకు ఎనభై దాటాయి. కొండవాలున రాతికట్టలు కట్టి వేసిన ఆలివ్ తోట ఆయనది. 1956 ఫిబ్రవరి చలికి ప్రొవాన్సులో ఆలివ్ చెట్లు మొదలంటా మాడిపోయాయి. వాళ్ల నాన్నగారు మానులు కొట్టేసి ఓపిక పడితే, మోళ్లు చిగిర్చి ఈ తోట అయింది. చాలామంది మాత్రం తోటలు వదిలేశారు. అక్కడ పొదలు, పైన్ చెట్లు మొలిచాయి. ఇప్పుడు మంటలకు అవే మేత.

అడవి పక్క ఇళ్లవారు చుట్టూ 50 మీటర్లు పొదలు నరకాలని అక్కడ చట్టం. మా అమ్మాయి "వచ్చే ఆదివారం చూద్దాం నాన్నా" అంటూ వాయిదా వేస్తోంది. ఒక మధ్యాహ్నం గాలి రేగింది. కొండ వెనుక పొగ లేచింది. పాస్‌పోర్టులు, నా బీపీ మందులు సంచిలో వేసుకుని, మనుమరాలి చెయ్యి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాం. విమానాలతో నీళ్లు పోసి సాయంత్రానికి ఆర్పేశారు.

మర్నాడు తెల్లవారకముందే పెద్దాయన రెండు కొడవళ్లతో వచ్చి ఒకటి నా చేతికిచ్చారు. ఆయన భాష నాకు రాదు, నా భాష ఆయనకు రాదు. రోజూ ఎండెక్కే దాకా ఇద్దరం నరికాం. వారం పట్టింది.

ఆఖరిరోజున ఆయనేదో అన్నారు. "మా పిల్లలు పారిస్‌లో ఉన్నారు, నా తరువాత ఈ తోట ఎవరు చూస్తారు అంటున్నారు" అని అమ్మాయి చెప్పింది. మా ఊళ్లో నేను బీడు పెట్టి వచ్చిన రెండెకరాలు గుర్తొచ్చి, ఏమీ మాట్లాడలేకపోయాను.