ఎండయు మధుమేహమును



శ్రీకాకుళపు పొలిమేరనే అరసవల్లి యున్నది. ఏటేట మార్చి, అక్టోబరు మాసములలో కొన్ని దినములు ఉదయకిరణములు ఆ సూర్యనారాయణుని పాదములను స్పృశించును. రథసప్తమినాడు జిల్లేడాకులు తలనిడుకొని స్నానమాడు సీమ మనది. ఇట్టివారికి ఎండవలన లభించు పోషకము కొఱవడినదనిన నెవరు నమ్ముదురు? నేనును తొలుత నమ్మలేదు.

ఆ పోషకము పేరు విటమిను డి. మన చర్మమునందు కొవ్వుజాతి పదార్థమొకటి గలదు. కంటికి కానరాని అతినీలలోహిత కిరణములు సోకగా అది మార్పుచెంది విటమిను డి యగును. పిదప కాలేయమున నొకమాఱు, మూత్రపిండములలో నొకమాఱు పరిపాకమొంది, అన్నమునందలి కాల్షియమును, అనగా ఎముకలకు బలమిచ్చు సున్నపు ధాతువును, రక్తమునకు జేర్చును.

తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థయందు పరిశోధన సాగించిన డాక్టరు సి.వి. హరినారాయణ్ గారును వారి సహచరులును 2007లో ఒక విషయమును ప్రకటించిరి. ఆ ప్రాంతమున వారు పరీక్షించిన పల్లె పురుషులలో నూటికి 44 మందికిని, స్త్రీలలో నూటికి 70 మందికిని ఈ విటమిను చాలకున్నది. పట్టణమున ఆ సంఖ్యలు 62, 75. పొలమున నెండలో శ్రమించువారి గతియే యిట్లున్నది! వారి భోజనములో కాల్షియము స్వల్పము. ధాన్యములలో నుండు ఫైటేటను పదార్థము మెండు. ఇది కాల్షియమును బంధించి వంటబట్టనీయదు. మన చోడిలో కాల్షియము సమృద్ధి. పిండిని పులియబెట్టి అంబలి కాచినచో ఆ బంధనము కొంత సడలును. మన తల్లులు ఫైటేటు పేరెఱుగకయే ఈ పని చేసిరి.

2013లో వారు ప్రకటించిన మఱియొక పరిశోధన నన్ను సిగ్గుపఱచినది. చర్మమునందలి మూలపదార్థమునే చిన్న బుడ్లలోనుంచి, వేర్వేరు వేళల నెండబెట్టి చూచిరి. సంవత్సరము పొడుగునను పగలు 11 మొదలు 2 గంటలవఱకే మార్పు అధికముగా జరిగెను. ఉదయమున కిరణములు ఏటవాలుగా వాయుమండలములో దూరము పయనించును. కావలసినవి దారిలోనే హరించిపోవును. బాలభానుని కిరణములే సర్వారోగ్యప్రదములని బడిలో ఏండ్లతరబడి బోధించినవాడను నేను!

ఇక మధుమేహము. చక్కెరను అదుపుచేయు ఇన్సులిను క్లోమమునందు పుట్టును. విటమిను డి లోపించియు మధుమేహము లేనివారికి ఆ విటమినును కాల్షియమును ఇచ్చిచూడగా, క్లోమము పనితీరు మెఱుగైనదని హరినారాయణ్ గారు 2014లో వెల్లడించిరి. దీనిని నేనొక పత్రికలో సగము చదివి, మా గ్రామపు వృద్ధమిత్రునితో “ఎండయే మందట” అంటిని. ఆయన మాత్రలు మాని ఎండలో కూర్చుండసాగెను. మూడు వారములకు దాహము మితిమీఱి, నాలుక పిడచగట్టి ఆసుపత్రి పాలయ్యెను. ఆ దోషము నాదే. అందుకే నేడు మీ యెదుట మిగిలిన సగమును చెప్పుచున్నాను.

2019లో అమెరికాలో మధుమేహమునకు చేరువైన 2,423 మందిని పరీక్షించి ఫలితమును ప్రకటించిరి. కొందఱికి దినమునకు 4,000 యూనిట్ల విటమిను డి, తక్కినవారికి ఉత్తి మాత్ర. కనబడిన స్వల్పభేదము యాదృచ్ఛికము కాదని చెప్పజాలకపోయిరి. 2023లో ఇట్టి మూడు పరీక్షలను కలిపి లెక్కింపగా, వ్యాధి ముప్పు నూటికి పదునైదు వంతులు తగ్గినట్లు తేలెను. ఇది వ్యాధి రానివారి మాట. వచ్చినవారు మందు మానవచ్చునని ఎవరును చెప్పలేదు. విటమినునైనను వైద్యుని యడుగక మితిమీఱి మ్రింగినచో రక్తమున కాల్షియము పెరిగి మూత్రపిండములు చెడును.

సుశ్రుతుడు పేదయైన మేహరోగిని గొడుగును పాదరక్షలును విడిచి శతయోజనములు నడువుమనెను. గొడుగుమాట నా కిప్పుడు రుచించుచున్నది. పాదరక్షలమాట నేటి వైద్యులొప్పరు. ఈ వ్యాధిలో కాలిపుండు నొప్పి తెలియకయే ముదురును.

నా మిత్రుడిప్పుడు మాత్రలు మానుటలేదు. చలికాలమున పదకొండు గంటలకు చెప్పులు తొడిగి చెఱువుగట్టుపై కొంతసేపు నడచును. వైశాఖపుటెండలో మాత్రము వడదెబ్బకు వెఱచి గడప దాటడు. నేనేమి చెప్పినను, “మేష్టారూ, పూర్తిగా చదివితిరా?” అని యడుగుచుండును.