ఔషధ నామములు – నామౌషధము



ఆలయమునకు వచ్చిన ప్రతిసారియు మనము కుడిచేయి చాచి తీర్థము పుచ్చుకొనుచున్నాము. ఆ సమయమున అర్చకస్వామి పఠించు మంత్రములో, ఆ తీర్థము అకాలమృత్యువును హరించునదనియు, సకల వ్యాధులను నివారించునదనియు కలదు. నిత్యము వినుచున్న మాటయే. అయితే సకల వ్యాధులనగా మనము ఏమని భావించుచున్నాము? మధుమేహమునకు వాడుచున్న మందును మానివేసి తీర్థముతో సరిపెట్టుకొనవచ్చునని అర్థమా? ఈ విషయమును నేడు కొంత విచారింతము.

ముందుగా మందునకు మన పెద్దలు పెట్టిన పేర్లను చూతము. పంట పండగానే తన ఆయువు తీరిపోవు మొక్కను అమరకోశము ‘ఓషధి’ అన్నది. ఆ మాట నుండి వచ్చినదే ఔషధము. గదమనగా రోగము, దానిని లేకుండ చేయునది అగదము. ఆయుర్వేదము యొక్క ఎనిమిది అంగములలో విషమునకు విరుగుడు చెప్పు భాగమునకు అగదతంత్రమని పేరు. రోగి నడువవలసిన పథమునకు తగిన ఆహారము పథ్యము. ఇట్లు ఒక్కొక్క పేరు ఒక్కొక్క పనిని చెప్పుచున్నది. అన్ని పనులను ఒక్కటే చేయునని ఈ పేర్లలో ఏదియు చెప్పుటలేదు.

మరి సంజీవని మాట యేమి? ఏ గుళికనైనను పొగడవలెనన్న మనము దానిని సంజీవని అందుము. కాని వాల్మీకి రామాయణమున యుద్ధకాండమును చూడుడు. ఇంద్రజిత్తు ప్రయోగించిన బ్రహ్మాస్త్రమునకు రామలక్ష్మణులును వానరసేనయు పడిపోయినప్పుడు, జాంబవంతుడు హనుమంతుని ఒక్క మూలికను తెమ్మనలేదు, నాలుగింటిని పేర్కొనెను. మృతసంజీవని ప్రాణము నిలుపునది. విశల్యకరణి దేహమున నాటిన ములుకులను వెడలించునది. సంధానకరణి విరిగినదానిని అతుకునది. సావర్ణ్యకరణి మేనికి మునుపటి వన్నె తెచ్చునది. ప్రాణము నిలుపు మూలిక ఉండగా, గాయమునకు వేరొక మూలిక కావలసి వచ్చినది!

మరల రావణుని శక్తిచే లక్ష్మణస్వామి మూర్ఛిల్లినప్పుడు సుషేణుడు ఓషధులను తెమ్మనెను. హనుమంతుడు వానిని గుర్తింపలేకపోయెను. అయినను ఏదో ఒక ఆకు కోసికొని ఇదియే సంజీవని అనలేదు. శిఖరమునే పెకలించి తెచ్చి సుషేణుని ముందుంచెను. ఎంచి ఇచ్చినవాడు వైద్యుడు. బుద్ధిమంతులలో శ్రేష్ఠుడగు ఆంజనేయుడే తనకు తెలియని మందును తాను నిర్ణయింపలేదు. మనమో, పొరుగువారు చెప్పిన చూర్ణమును సర్వరోగనివారిణి యని నమ్మి, వైద్యుడు వ్రాసిన మందును మధ్యలో మానుచున్నాము. క్షయవ్యాధికి మందు మధ్యలో మానినచో రోగము మొండిబారి ఆ మందులకే లొంగకుండ పోవును. లంఖణము పరమౌషధమని పెద్దలన్నారు గదా యని, మధుమేహమునకు మందు వాడువారు వైద్యుని అడుగకయే ఏకాదశినాడు నిరాహారముగ నున్నచో ప్రాణాపాయము కలుగవచ్చును. వైద్యుని అడిగి నియమమును సడలించుకొన్నంత మాత్రమున భక్తికి లోపము రాదు.

చరకసంహిత చికిత్సను మూడు విధములుగ చెప్పినది. మంత్రము, హోమము, నియమము మొదలైనవి దైవవ్యపాశ్రయము. ఆహార ఔషధములను యుక్తితో కూర్చుట యుక్తివ్యపాశ్రయము. అహితమైన విషయముల నుండి మనస్సును మరల్చుట సత్త్వావజయము. ఒకటి ఉన్నది గదా యని మరియొకటి మానుమని శాస్త్రము చెప్పలేదు. మంత్రము పేరుతో, తాయెత్తు పేరుతో రోగము కుదుర్తుమని ప్రకటించుకొనుటను మన దేశమున 1954లో చేసిన చట్టము కూడ నిషేధించినది. ఇది మంత్రమునకు అవమానము కాదు. మంత్రమును అంగడిసరుకు కానీయకుండుటయే.

అయితే సకల వ్యాధులను నివారించునది లేదా? ఉన్నది. విష్ణుసహస్రనామములో ఔషధము, భేషజము, భిషక్కు అను మూడును స్వామి నామములే. మందును ఆయనయే, మందునిచ్చువాడును ఆయనయే. ఔషధమను నామమునకు శంకర భగవత్పాదులు సంసారరోగమునకు మందు అని అర్థము చెప్పిరి. ఆశ, భయము, అహంకారము, మరల మరల పుట్టి చచ్చుట, ఇదియే ఆ రోగము. ఇది ఏ వైద్యశాలలోను కుదురునది కాదు. దీనికి నామమే మందు, సత్సంగమే పథ్యము.

కావున దేహమునకు వచ్చిన రోగమును వైద్యునకు చూపుదము. ఆయన ఇచ్చిన మందును భగవన్నామము తలచి, వేళ తప్పక వేసికొందము. తీర్థమును భక్తితో పుచ్చుకొని భవరోగమును స్వామికి విన్నవింతము. ఆ మందును మ్రింగు ధైర్యమును, ఈ నామమునందు విశ్వాసమును స్వామి మనకు అనుగ్రహించుగాక!

స్వస్తి.