ఓపెన్‌బ్యాక్ హెడ్‌ఫోన్: కొనే ముందు మీ గదిని వినండి



సంగీతం నేర్చుకుంటున్న విద్యార్థులు, ఇంట్లో కూర్చుని శ్రద్ధగా పాటలు వినేవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. “పదిహేను వేల రూపాయల లోపు ఓపెన్‌బ్యాక్ హెడ్‌ఫోన్ కొనాలి. ఏది మంచిది?” ఒక మోడల్ పేరు చెప్పి ఊరుకుంటే ఈ ప్రశ్నకు సమాధానం చెప్పినట్లు కాదు. మీరు కూర్చునే గది ఎలాంటిది? మీరు వినే సంగీతం ఏది? హెడ్‌ఫోన్‌ను దేనికి తగిలిస్తారు? ఈ మూడూ తెలిస్తేగాని ఎంపిక కుదరదు. మూడింటిలోనూ మొదటి స్థానం గదిదే. ఎందుకో భౌతికశాస్త్రం సాయంతో తెలుసుకుందాం.

హెడ్‌ఫోన్ లోపల ఒక పలచని పొర ఉంటుంది. విద్యుత్ సంకేతాన్ని అనుసరించి అది ముందుకూ వెనక్కూ కంపిస్తుంది. పొర ముందుకు కదిలినప్పుడు చెవి వైపు గాలి పీడనం పెరుగుతుంది. సరిగ్గా అదే క్షణంలో వెనుక వైపు పీడనం తగ్గుతుంది. అంటే ఒకే పొర రెండు వైపులా ధ్వనిని పుట్టిస్తుంది. మరి వెనుక పుట్టిన ధ్వని ఏమవుతుంది? మూసి ఉన్న హెడ్‌ఫోన్‌లో అది డొప్ప గోడలకు తగిలి పరావర్తనం చెందుతుంది. కొంత భాగం తిరిగి చెవికి చేరుతుంది. ఓపెన్‌బ్యాక్ రకంలో డొప్ప వెనుక జాలీ ఉంటుంది కాబట్టి ఆ ధ్వని బయటికి వెళ్లిపోతుంది. జర్మనీకి చెందిన సెన్‌హైజర్ సంస్థ 1968లో విడుదల చేసిన హెచ్‌డి 414తో ఈ రకం మార్కెట్లోకి వచ్చింది.

దీనివల్ల లాభాలున్నాయి. గాత్రం, వీణ, వయొలిన్ డబ్బాలోంచి వస్తున్నట్లు కాకుండా తెరిపిగా వినిపిస్తాయి. గాలి ఆడుతుంది కాబట్టి మన ఎండాకాలంలో చెవులకు చెమట తక్కువ. ఆన్‌లైన్‌లో గాత్రం నేర్చుకునేవారికి మరో సౌకర్యం: చెవులు మూసుకుంటే మన గొంతు మనకే గుమ్మంటూ వినబడుతుంది, ఓపెన్‌బ్యాక్‌లో ఆ ఇబ్బంది చాలా తక్కువ.

నష్టాలూ ఉన్నాయి. ముందు, వెనుక పుట్టిన తరంగాలు వ్యతిరేక దశలో ఉంటాయి. మంద్ర ధ్వనుల దగ్గర అవి కొంతవరకు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అందువల్ల ఈ రకంలో బాగా లోతైన ధ్వనులు సాధారణంగా బలహీనపడతాయి. మృదంగం తొప్పి నాదం స్పష్టంగానే వినబడుతుంది. సినిమా పాటల్లో గుండెను అదిరించే ఎలక్ట్రానిక్ దరువు కోరుకునేవారికి మాత్రం వెలితిగా ఉండవచ్చు. ఇక అన్నిటికంటే ముఖ్యమైన సంగతి చూద్దాం.

తలుపు తెరిస్తే లోపలి గాలి బయటికి వెళ్లినట్లే బయటి దుమ్మూ లోపలికి వస్తుంది. ఓపెన్‌బ్యాక్ బయటి శబ్దాలను దాదాపు ఆపదు. ఫ్యాన్ హోరు, కుక్కర్ ఈల, వీధిలో ఆటో మోత అన్నీ సంగీతంతో కలిసిపోతాయి. అప్పుడు మనం ఏం చేస్తాం? తెలియకుండానే వాల్యూమ్ పెంచుతాం. ప్రమాదం ఇక్కడే మొదలవుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి రూపొందించిన ప్రమాణం ప్రకారం పెద్దవారు 80 డెసిబెల్స్ స్థాయిలో వారానికి 40 గంటల వరకు వినవచ్చు. పిల్లలకు ఈ స్థాయి 75 డెసిబెల్స్. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకు ధ్వని శక్తి రెట్టింపవుతుంది, కాబట్టి వినదగిన సమయం సగానికి తగ్గాలి. లెక్క వేయండి: 83 డెసిబెల్స్ వద్ద 20 గంటలు, 86 వద్ద 10, 89 వద్ద 5. రోజుకు రెండు గంటలు వినేవారికి వారానికి 14 గంటలవుతాయి. 83 దగ్గర వారు పరిమితిలోనే ఉన్నారు. 86 దగ్గర దాటిపోయారు. ఈ తేడా ఫ్యాన్ హోరును అధిగమించడానికి మనం అలవోకగా పెంచేదే. చెవిలోని కర్ణావర్తంలో సుమారు 15 వేల రోమ కణాలు ఉంటాయి. మనుషుల్లో ఒకసారి నశించిన రోమ కణం మళ్లీ పుట్టదు.

అందుకే కొనే ముందు ఒక చిన్న ప్రయోగం చేయండి. మీరు రోజూ పాటలు వినే వేళకే, వినే చోటే, ఫ్యాన్ ఎప్పటిలా తిరుగుతుండగా, ఐదు నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చోండి. వినబడిన శబ్దాలన్నీ కాగితం మీద రాయండి. మూడు రోజులు ఇలా చేయండి. గోడ గడియారం టిక్‌టిక్ వినబడేంత నిశ్శబ్దం ఉంటే ఓపెన్‌బ్యాక్ మీకు తగినదే. వీధి మోతతోనే కాగితం నిండితే అదే డబ్బుతో మంచి మూసిన హెడ్‌ఫోన్ కొనుక్కోవడం మేలు. పక్కన చదువుకునే పిల్లలున్నా, మైకు ముందు పాడి రికార్డు చేసే అలవాటున్నా ఆ రకమే నయం. ఓపెన్‌బ్యాక్ నుంచి బయటికి వచ్చే ధ్వని వారికీ, మైకుకూ వినబడుతుంది.

గది అనుకూలించింది అనుకుందాం. ఇప్పుడు పెట్టె మీది అంకెలు చూడాలి. ఓమ్‌లలో ఇచ్చేది అవరోధం. మిల్లీవాట్‌కు ఇన్ని డెసిబెల్స్ అని ఇచ్చేది సున్నితత్వం. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఫిలిప్స్ ఎస్‌హెచ్‌పి 9500 అవరోధం 32 ఓమ్‌లు, సున్నితత్వం 101 డెసిబెల్స్. బేయర్‌డైనమిక్ డిటి 990 ప్రో 250 ఓమ్‌ల రకానికి సున్నితత్వం 96. మీ పరికరం గరిష్ఠంగా 1 వోల్టు ఇస్తుందనుకోండి. వోల్టేజి వర్గాన్ని అవరోధంతో భాగిస్తే సామర్థ్యం వస్తుంది. మొదటిదానికి సుమారు 31 మిల్లీవాట్లు, రెండోదానికి 4 మిల్లీవాట్లు అందుతాయి. దీన్ని డెసిబెల్స్‌లోకి మారిస్తే మొదటిది 116 వరకు, రెండోది 102 వరకు మోగగలదు. తేడా 14 డెసిబెల్స్.

102 కూడా ఎక్కువే కదా అనిపించవచ్చు. అది శిఖర స్థాయి మాత్రమే. సంగీతం సగటు స్థాయి దానికి చాలా కింద ఉంటుంది. మెల్లగా రికార్డు చేసిన పాత కచేరీలకు అది చాలకపోవచ్చు. అప్పుడు విడిగా ఆంప్లిఫయర్ కొనాలి. ఎక్కువ ఓమ్‌లుంటే ఎక్కువ నాణ్యత అనే మాట నిజం కాదు. పరిమిత బడ్జెట్‌లో తక్కువ ఓమ్‌లు, ఎక్కువ సున్నితత్వం ఉన్నదే తేలిక దారి. అయితే దాని వాల్యూమ్ ఎప్పుడూ చివరిదాకా తిప్పకూడదు. ఫోనుకు హెడ్‌ఫోన్ రంధ్రం లేకపోతే యుఎస్‌బి అడాప్టర్ ఖర్చునూ బడ్జెట్‌లోనే కలపండి. సున్నితత్వాన్ని కొన్ని కంపెనీలు వోల్టుకు ఇస్తాయి. ఆ అంకెను మిల్లీవాట్ అంకెతో నేరుగా పోల్చకండి.

“5 హెర్ట్జ్ నుంచి 40,000 హెర్ట్జ్” వంటి ప్రకటనలకు మురిసిపోకండి. మనిషి చెవికి వినబడేది సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకే. ఏ పౌనఃపున్యం ఎంత బలంగా వస్తుందో చెప్పకుండా హద్దులు మాత్రమే ఇస్తే దానికి విలువ లేదు. ధర కూడా నమ్మదగిన కొలమానం కాదు. జెరోన్ బ్రీబార్ట్ 283 హెడ్‌ఫోన్ల కొలతలను పరిశీలించి 2017లో ప్రచురించిన పత్రంలో, పౌనఃపున్య ప్రతిస్పందనకూ అమ్మకపు ధరకూ సంబంధం కనబడలేదని తేల్చారు. మధ్యతరగతి వినియోగదారుకు ఇది శుభవార్త.

చివరగా దుకాణంలో చేయవలసిన పరీక్ష. బాగా తెలిసిన ఒక గాత్ర కచేరీ, ఒక వాద్య కచేరీ వెంట తీసుకెళ్లండి. రెండు హెడ్‌ఫోన్లను పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానంగా పెట్టండి. కాస్త బిగ్గరగా మోగేదే బాగున్నట్లు చెవి మోసపోతుంది. కనీసం ఇరవై నిమిషాలు ధరించి బరువు, కణతల మీద ఒత్తిడి గమనించండి. చెవి దిండ్లు, తీగ విడిగా దొరుకుతాయో లేదో అడగండి. ముందుగా అరిగిపోయేవి అవే.

కొన్నాక కూడా ఒక నియమం పాటించండి. నిశ్శబ్దంగా ఉన్న వేళ మీకు హాయిగా అనిపించిన వాల్యూమ్ స్థాయిని గుర్తు పెట్టుకోండి. శబ్దం పెరిగితే కిటికీ మూయండి, లేదా సంగీతాన్ని తర్వాతి వేళకు వాయిదా వేయండి. ఆ గుర్తును మాత్రం దాటకండి. హెడ్‌ఫోన్ పాడైతే ఇంకొకటి కొనుక్కోవచ్చు. చెవులను అలా కొనలేం.