మానవకులమే మన కులము
(ఓరుగంటి వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)

పద్మశాలి సోదరసోదరీమణులారా!

మన కులప్రతిష్ఠను గూర్చి మాటలాడుట సులభము. వినుటకును నింపుగా నుండును. కాని నేడు నేను మనకు కొంత కష్టముగా దోచు విషయమునే విన్నవింపదలచితిని. పెద్దలు మన్నింతురు గాక.

మార్కండేయుని వంశమున జన్మించిన భావనాఋషి తామరతూళ్ల నూలుతో దేవతలకు వస్త్రములు నేసెనని మన పెద్దలు చెప్పుదురు. పరుల మానమును గాపాడుటయే మన వృత్తిధర్మము. మనము నేసిన చీర ఏ యింటికి బోవునో మగ్గమునకు దెలియదు. పత్తి పండించిన కాపు, దూదినేకిన దూదేకులవాడు, నాడెను జేసిన వడ్రంగి, వీరందఱి చేతులును మన గుడ్డలో నున్నవి. అట్టి వృత్తిలోనివారమయ్యు, మనలను జిన్నచూపు చూచినవారిని గూర్చి మొఱపెట్టుకొను మనము, మనచే జిన్నచూపు చూడబడినవారిని గూర్చి యెన్నడైన దలచితిమా?

మన జిల్లాలలో నేతకానివారు గలరు. వారును మగ్గమునే నమ్మి ముదుకగుడ్డలు నేసి బ్రదికిన వారు. వారి పడుగును పడుగే, పేకయు పేకయే. అయినను మన మగ్గము ఊరినడుమను, వారి మగ్గము ఊరిబయటను నుండెను.

నా బాల్యమున జరిగిన దొకటి చెప్పెదను. నా తండ్రి నూలు అమ్ముచుండెను. నేతకాని వృద్ధుడొకడు మా యింటికి వచ్చినపుడు నూలుకట్టను అరుగుక్రింద నేలపై బెట్టువాడు; అతడును పైకమును నేలపైననే పెట్టి తీసికొనిపోవువాడు. ఒకనాడు నేను తెలియక కట్టను అతని చేతికే యిచ్చితిని. నా తండ్రి నన్ను గసరి తలపై నీళ్లు చల్లించెను.

కొన్నేండ్లకు మగ్గములు పడిపోయెను. మనవారనేకులు భివండి, షోలాపురము, సూరతు నగరములకు వలసపోయినట్లే నా తండ్రియు భివండికి బోయెను. అచ్చట విషజ్వరముచే మంచము పట్టగా, పదునైదు దినములు రాత్రింబవళ్లు ప్రక్కనుండి గంజి కాచి త్రాగించినవాడు ఆ వృద్ధుని కుమారుడే. ఆ యూర మాలో నెవ్వరిది యే కులమని యడిగినవారు లేరు, అందఱమును తెలుగువారమే.

నా తండ్రి తిరిగివచ్చిన పిమ్మట ఆ వృద్ధుడు నూలుకై రాగా, కట్టను అతని చేతి కందింపబోయెను. అతడు చేయి వెనుకకు దీసికొని, అలవాటుచొప్పున తువాలు నేలపై బఱచెను. నా తండ్రి కట్ట చేతబట్టుకొని చాలసేపట్లే నిలిచిపోయెను. మనము చేసిన తప్పును మనము మఱచినను, ఎదుటివాని చేయి మఱవదని నాడు నాకు దెలిసెను.

ఇది క్రొత్తమతమని కొందఱందురు. ఓరుగల్లు రాజధానిగా రుద్రమదేవి యేలిన కాలమున, 1261లో వెలసిన మల్కాపుర శాసనమును జూడుడు. ప్రసూతిశాలకును, ఆరోగ్యశాలకును, విద్యార్థులకును ధర్మము లేర్పఱచి, బ్రాహ్మణుడు మొదలు చండాలుని వఱకు వచ్చినవారికెల్ల అన్నము పెట్టవలెనని యందు గలదు. అది కులభేదములను రూపుమాపినదని చెప్పజాలము. కాని ఆకలికి కులము లేదని యొప్పుకొన్నది. హైదరాబాదున భాగ్యరెడ్డివర్మగారు 1906లో జగన్మిత్రమండలిని స్థాపించి, జీవితాంతమును అంటరానివారనబడిన ప్రజల విద్యకును గౌరవమునకును బాటుపడిరి. 1950లో నమలులోనికి వచ్చిన రాజ్యాంగము పదునేడవ యధికరణమున అస్పృశ్యతను నిషేధించినది. శాసనము మన గడప వఱకే రాగలదు. లోపలికి దానిని మనమే పిలువవలయును.

అట్లయిన కులసంఘ మెందులకని మీరడుగవచ్చును. మన పేదపిల్లలను చదివించుటకు, మన నేతగానికి నూలును ధరయు దొరకునట్లు చేయుటకు సంఘము కావలయును. ఇల్లు చక్కబెట్టుకొనుట తప్పు గాదు. చక్కబెట్టుకొన్న యింటి తలుపు మూసికొనుట తప్పు. 1934లో వెలసి, పిమ్మట మూతపడిన ఆజంజాహి మిల్లును దలచుకొనుడు. అందు అన్ని కులములవారును ఒక్క కూతకే లేచి పనికి బోయిరి. అది మూతపడిననాడు ఏ కులమువాని కుండయు దప్పించుకొనలేదు.

కావున మూడు మనవులు. వచ్చు మహాసభయందు నేతకాని సోదరులను బిలిచి ఒకే పంక్తిని గూర్చుండి భుజింతము. మనము నడపు వసతిగృహములందు ఇతరకులముల పేదవిద్యార్థులకును గొంత చోటిత్తము. నూలుకును గిట్టుబాటుధరకును చేయు ప్రయత్నములందు మగ్గము నమ్ముకొన్న ప్రతివానిని మనవానిగా నెంచుదము.

వీనిలో మొదటిది సులభమనుకొందురేమో. ఒక పూట కలిసి భుజించి, మఱునాడు మరల నూలుకట్టను నేలపై బెట్టినచో ఆ విందు వ్యర్థము. ఇచ్చునది చేతి కీయుడు. పుచ్చుకొనువాడు జంకినచో, అతడు చేయి చాచు వఱకు ఓపికతో నిలువుడు.